పారసీక కాంస్యపాత్రము, నక్కవాగు

ఇరాను దేశపు పశ్చిమభాగమున, జాగ్రోస్ పర్వతపంక్తుల నడుమ, లూరిస్తాన్ అను కొండసీమ గలదు. క్రీ.పూ. 1000 మొదలు క్రీ.పూ. 650 వరకు, ఇంచుమించు మూడున్నర శతాబ్దుల కాలము, అచ్చటి పోతపనివారు తీర్చిన కంచువస్తువులు, అనగా గుఱ్ఱపు కళ్ళెములును, గొడ్డళ్ళును, మృగములు పెనవైచికొనిన వింత విగ్రహములును, జలపాత్రములును, ఈనాడు టెహరానులోని జాతీయ సంగ్రహాలయములోను, పారిస్‌లోని లూవ్ర్‌లోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములోను అద్దాలపెట్టెలలో కొలువుతీరి యున్నవి. వానిలో మిక్కిలి చూడదగినది పొడవైన ముక్కు గల నీటిపాత్రము. పొట్ట గుండ్రన, మెడ పొట్టి, పొట్టకు ఒకవైపున బయలుదేరిన ముక్కు పాత్రమునకు మించిన పొడవుతో ముందునకు సాగి, నీటిని సన్నని ధారగా విడుచుటకే పుట్టినట్లుండును. పెండ్లిపీటలమీద వరుని పాదములు కడుగు కొమ్ముచెంబు నెరిగిన తెలుగువానికి దీని ప్రయోజనమును వేరుగ బోధింప నక్కరలేదు.

ఇట్టి పాత్రములు మ్యూజియములకు వచ్చిన త్రోవ అంత గౌరవప్రదమైనది కాదు. 1920వ దశాబ్దము చివర ఆ ప్రాంతపు పల్లెజనులు పురాతన సమాధులను త్రవ్వి, దొరకిన కంచును కెర్మాన్‌షా వర్తకులకు అమ్ముకొనగా, అది చేతులు మారి మారి ఐరోపా, అమెరికా ఖండములకు తరలిపోయినది. ఫ్రెంచి పండితుడు ఆంద్రే గొదార్ 1931లో ఈ కంచును గూర్చి గ్రంథము ప్రకటించునాటికే లెక్కకు మిక్కిలిగా సమాధులు చెదరిపోయి యుండెను. 1938లో ఎరిక్ ష్మిట్ సుర్ఖ్ దుమ్‌లోను, 1965 మొదలు బెల్జియము పండితుడు లూయీ వాండెన్ బెర్గ్ శ్మశానవాటికలలోను శాస్త్రీయముగ త్రవ్వకములు జరిపి, దొంగలు మిగిల్చిన దానినుండి చరిత్రను ఏర్చి కూర్చిరి. ఆ పోతపనివారు ఏ దేవతలను కొలిచిరో, జరథుష్ట్రుని ఉపదేశము వారి చెవిని పడినదో లేదో, ఆ విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. అయినను ఈ వస్తుజాలములో పెద్దభాగము సమాధులనుండియే వెలువడినది. చచ్చినవాని ప్రక్కను ఉంచిన నీటిపాత్రమునే మనము వేడుకతో చూచుచున్నామన్న మాట.

శవస్పర్శ గల పాత్రము శుద్ధమా, అశుద్ధమా అని మ్యూజియములో ఎవ్వరును అడుగరు. టిక్కెట్టు కొనిన ప్రతి మనుష్యుడును దాని యెదుట నిలువవచ్చును. అతడే మతమువాడు, ఏ కులమువాడు అను విచారణ లేదు. దీనిని ఆధునిక నాగరికత సంపాదించిన పెద్దలాభములలో ఒకటిగ నేను లెక్కింతును. ఆ కారణమున మ్యూజియములో శౌచవిధులే లేవని తలంపరాదు. అచ్చటి పరిరక్షకులు వట్టిచేతితో కంచును ముట్టరు. చెమటలోని ఉప్పు దానికి చెరుపు. నేలలో శతాబ్దులు పడియున్న కంచులోనికి మట్టిలోని లవణము ప్రవేశించి, లోలోపల దాగియుండి, గాలిలోని తేమ తగిలినంతనే లేతపచ్చని పొడిగా పైకుబికి లోహమును తినివేయును. దీనిని వారు కంచురోగమందురు. దానిని అడ్డుటకై పెట్టెలోని గాలి తేమను నూటికి సుమారు 40 పాళ్ళకు మించనీయక, తేమను పీల్చు సిలికా గుళికలు అమర్చి కాపాడుదురు. జలధారకై పుట్టిన వస్తువునకు ఇప్పుడు జలకణమే మృత్యువు. పాత్రము బ్రదికియున్నదా, రూపము మాత్రమే మిగిలియున్నదా అను సందేహము ఇచ్చటనే అంకురించును.

మన దర్శనకారులకు ఘటముమీద నున్నంత మక్కువ మఱి యే వస్తువుమీదను లేదు. ఛాందోగ్యములో ఉద్దాలకుడు కుమారునకు మట్టిముద్దను చూపి, మృణ్మయములన్నియు వికారములే యనియు, మట్టియే సత్యమనియు ఉపదేశించెను. లోహమును చూపి లోహమయములను గూర్చియు అట్లే చెప్పెను. గౌడపాదుడు తన కారికలలో ఘటాకాశ మహాకాశముల దృష్టాంతముతో జీవబ్రహ్మల అభేదమును నిరూపించెను. నైయాయికుడు ఘటము లేకుండుటను గూడ ఒక పదార్థముగ నిలబెట్టి, కుండ లేనిచోట సైతము కుండను విడువలేదు. ఇంతటి మహాచర్చలో ఒక్కరైనను ఆ కుండలో చెంబెడు నీరు పోసినట్లు కానరాదు! వట్టికుండ తత్త్వమునకు చాలును. ద్రవ్యమేది, ఆకారమేది, లోపలి యాకాశమేది యను విచారణకు అది అక్కరకు వచ్చును. ఉద్దాలకుని బోధ హైదరాబాదు చేరువ పటాన్‌చెరు పారిశ్రామికవాడలో తుక్కు కరగించు కొలిమి కార్మికునకు నిత్యానుభవమే. విరిగిన కుళాయియు, అరిగిన పళ్ళచక్రమును, పగిలిన గంటయు మూసలో పడి నామరూపములు కోల్పోవుటను అతడు దినదినము చూచుచునే యుండును. కాని పాత్రమునకు తాను మోయు నీటితో సంబంధమేమి, ఆ నీటికి పాత్రము పడిన ఋణమేమి అని అడిగినపుడు వేదాంతమును దాటి ధర్మశాస్త్రమునకు రావలసి యుండును. ధర్మశాస్త్రము వంటింటినుండి బయలుదేరునది గనుక నీటి సంగతి దానికి బాగుగ తెలియును.

పారసీకుల ధర్మగ్రంథమైన వెందీదాదులోను మన మనుస్మృతిలోను పాత్రశుద్ధి ప్రకరణములు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినవానికి, ఒకే పూర్వగృహమునుండి వేరుపడిన ఇద్దరు దాయాదుల సంభాషణ వినవచ్చును. శవము సోకిన బంగారుపాత్రమును ఒకమారు కడిగిన చాలునని వెందీదాదు చెప్పును, వెండికి రెండుమారులు, హీనలోహములకు, శిలకు అంతకంతకు హెచ్చు. మట్టిపాత్రమునకు, కొయ్యపాత్రమునకు మాత్రము శుద్ధి ఎన్నటికిని లేదు. మనువు మతమున మరకలేని బంగారుపాత్రమునకు నీరే చాలును. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరము, సీసములకు క్షారము, పులుసు, నీరు యథోచితముగ వాడవలెను. మట్టిపాత్రమును మరల ఆవములో కాల్చవలెను. మద్యమూత్రాదులు సోకినచో కాల్చినను అది పనికిరాదు. ఇంటింట చింతపండుతో రాగిబిందెను తోము ఇల్లాలు మనువు పేరైన ఎరుగకయే ఆతని ఆమ్లవిధిని ఆచరించుచున్నది. మైల వచ్చినపుడు పాతకుండలు పారవైచి క్రొత్తవి తెచ్చుకొను ఆచారమును, ఇత్తడిబిందెను మాత్రము తోమి లోనికి తెచ్చుకొను ఆచారమును తెలుగుసీమలో పెద్దలందరు ఎరుగుదురు.

ఇందు లోహమునకు దక్కిన గౌరవమునకు భౌతికకారణము స్పష్టమే. మట్టి పీల్చుకొనును, లోహము పీల్చుకొనదు. కాని పారసీకులు అంతటితో ఆగలేదు. అహుర మజ్దా సృష్టించిన ఆరు దివ్యశక్తులలో ఒక్కొక్కటి ఒక్కొక్క భూతమునకు కాపరియని వారి నమ్మిక. సత్యమునకు అధిష్ఠానమైన అషా అగ్నిని కాచును. సంపూర్ణత్వమునకు అధిష్ఠానమైన హౌర్వతాత్ జలమును కాచును. ధర్మబద్ధమైన ప్రభుత్వమునకు, అధికారబలమునకు అధిష్ఠానమైన క్షథ్ర వైర్య లోహమును కాచును. కల్పాంతమున కొండలలోని లోహమంతయు కరగి నదిగా ప్రవహింపగా, జీవులెల్లరు దానిలో నడచి దాటవలసి యుండుననియు, సజ్జనునకు అది వెచ్చని పాలవలె తోచుననియు, దుర్జనునకు మాత్రము ద్రవలోహమే యగుననియు బుందహిష్న్ అను వారి గ్రంథము వర్ణించుచున్నది. ఈ దృష్టితో చూచినపుడు నీరు నిండిన కంచుపాత్రము సామాన్యవస్తువు కాదు. అధికారబలము తన గర్భమున సంపూర్ణత్వమును ధరించి, దానిని ఒలుకకుండ, చెడకుండ, దప్పిగొన్నవానికి అందించు వరకు కాచియుండుటకు ఆ పాత్రము విగ్రహమగుచున్నది. బలమునకు ఇంతకంటె చక్కని నిర్వచనమును రాజనీతి గ్రంథములలో నేను చూచి యెరుగను.

దాయాదులు విడిపోయినచోటు మఱియొకటి గలదు. ఈ వ్యాసమునకు ప్రాణము అదియే. మనకు నీరు ప్రధానముగ పావనము చేయునది. మనదేహము కడుగును, మనపాత్రము కడుగును, మనపాపము కడుగును. కడుగగా వచ్చిన కల్మషము ఎచ్చటికి పోవునని మన మడుగము. గంగ భరించునను విశ్వాసము అంత గాఢమైనది. పారసీకుడు ఆ ప్రశ్నను మొదటనే అడిగెను. అతని లెక్కలో నీరు ఉపకరణము కాదు, మనుష్యుడు కాపాడవలసిన ప్రాణి. అందువలననే వెందీదాదు విధించిన శుద్ధిక్రమములో శవము సోకిన పాత్రమును తిన్నగ నీటిలో ముంచరాదు. ముందు గోమూత్రముతో కడుగవలెను. పిదప మట్టితో రుద్దవలెను. మైల సర్వము తొలగిన పిదపనే నీరు తగులనీయవలెను. నీటిని వాడి పాత్రమును శుద్ధిచేయుట యను దానికంటె, శుద్ధమైన పాత్రమును నీటి సమ్ముఖమునకు తెచ్చుట యనుట ఇచ్చట యుక్తము. క్రీ.పూ. 5వ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ పారసీకులను గూర్చి వ్రాయుచు, వారు నదిలో మూత్రము విడువరనియు, ఉమియరనియు, చేతులైన కడుగుకొనరనియు, పరులు చేసినను సహింపరనియు ఆశ్చర్యముతో పేర్కొనెను.

ఈ భావము గ్రంథములలోనే మిగిలిపోలేదు. యస్న అను మహాపూజ ముగింపున పురోహితుడు పాలతోను ఓషధిరసములతోను కలిపిన తర్పణమును బావిలోని నీటికి సమర్పించును. నీరు నిత్యము మనకిచ్చుచున్నదానిలో కొంత నీటికే మరల ఇచ్చి దాని బలమును నింపుట ఆ తర్పణమునకు అర్థము. అందువలననే అగ్యారీలనబడు వారి అగ్నిమందిరములలో అగ్నితోపాటు బావియు ఉండును. బొంబాయిలో 1725లో త్రవ్వించిన భీఖా బెహ్రామ్ బావియొద్ద పారసీలు నేటికిని ప్రార్థింతురు. మనకు చేరువనే సికింద్రాబాదులో నిజామునకు అప్పులిచ్చిన సాహుకార్లు విక్కాజీ, పెస్తన్‌జీ సోదరుల పేర 1847 నాటి అగ్యారీ యున్నది. సాలార్‌జంగ్ మ్యూజియములో పారసీక తివాచీలను, వ్రాతప్రతులను చూచి మురియు హైదరాబాదు విద్యావంతుడు, పారసీక ధర్మమును ఇప్పటికిని ఆచరించు ఇరుగుపొరుగును అడిగి తెలిసికొనుటకు అంతగ ఉత్సాహపడడు. మ్యూజియములు మనకు చేసిన అపకారము ఏదైన నున్నచో అది యిదియే కాబోలు.

పారసీకులందరు జలభక్తులే యని చిత్రించుట సత్యము కాదు. క్రీ.పూ. 480లో గ్రీసు మీదికి దండెత్తిన పారసీక చక్రవర్తి క్షయార్షుడు హెలెస్పాంట్ జలసంధిపై కట్టించిన వంతెన తుపానుకు తెగిపోగా, కోపించి, ఆ నీటికి 300 కొరడాదెబ్బలు కొట్టించెను. మరల వంతెన కట్టించి, దాటు దినమున సూర్యోదయవేళ బంగారుపాత్రముతో నీటికి తర్పణము విడిచి, ఆ పాత్రమును, ఒక బంగారు పానకుంభమును, ఒక ఖడ్గమును ఆ జలములోనే విసరివైచెను. ఈ కథ చెప్పిన హెరొడోటసే, ఆ కానుక సూర్యునకా, లేక సముద్రమును కొట్టించినందులకు పశ్చాత్తాపమా, తాను నిశ్చయింపజాలనని విడిచిపెట్టెను. ఆ చరిత్రకారుని అనిశ్చయములో ఎంతటి ధర్మసూక్ష్మమున్నదో! కొట్టినచేయియే కానుక యిచ్చుచున్నది. సైన్యము మాత్రము వంతెన దాటి పోవుచునే యున్నది.

ఈ కథను తలంచినప్పుడెల్ల నా మనస్సు పటాన్‌చెరునకు మరలును. ఈ పట్టణము కల్యాణి చాళుక్యుల కాలమున పొట్టలకెరె యను పేర ప్రసిద్ధికెక్కినది, జైనులకు నెలవు. ఇచ్చట దొరకిన తీర్థంకర శిలావిగ్రహములు హైదరాబాదు మ్యూజియములకు చేరినవి. నీటివిషయమున జైనుడు పారసీకునికంటె ఒక మెట్టు పైకెక్కెను. నీటిలో జీవులున్నవనుటయే గాక, నీరే కొన్ని జీవులకు దేహమని అతని సిద్ధాంతము. త్రాగు నీటిని బట్టతో వడకట్టవలెను, అంతమాత్రమున సరిపోదు, బట్టపై నిలిచిన సూక్ష్మజీవులను ఏ బావినుండి నీరు తెచ్చితిమో ఆ బావిలోనికే మెల్లగ విడువవలెను. ఒకబావి జీవి మఱియొక బావిలో బ్రదుకదను ఆ శంకలో ఎంత కరుణయో, ఎంత పరిశీలనయో యున్నది. చెరువును పేరులోనే ధరించిన ఊరిలో, అట్టి మతము శతాబ్దులు నివసించెను. సంగారెడ్డి చేరువ కొండాపురములో 1940 ప్రాంతమున నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖవారు త్రవ్వి తీసిన శాతవాహనుల నాటి మృణ్మయపాత్రములు అచ్చటి మ్యూజియములో వరుసలు తీరియున్నవి. వానితో దొరకిన రోము చక్రవర్తి అగస్టస్ బంగారునాణెము, ఈ మెట్టభూములు ఆనాడే దూరదేశముల వర్తకముతో ముడివడి యుండెనని చెప్పక చెప్పుచున్నది.

1960వ దశాబ్దమున రామచంద్రాపురములో భారీ విద్యుత్‌యంత్రముల కర్మాగారము వచ్చినది. 1972లో మెట్టపంటల పరిశోధనకు ఇక్రిశాట్ వచ్చినది. 1970వ దశాబ్దము నడుమనుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలు విస్తరించి, మందుల తయారీ కర్మాగారములు బారులు తీరినవి. ఈ ప్రాంతమున పుట్టిన ఔషధములు ప్రపంచమున ఎన్ని ప్రాణములు నిలబెట్టినవో లెక్కింప నలవి కాదు. ఒరిస్సా, బీహారులనుండి సైతము వచ్చిన కూలీలకు ఈ వాడయే అన్నదాత. అయితే మందు తీయగా మిగిలినది నక్కవాగులో పడినది. పోచారము, బాచుగూడెము, ఆరుట్ల, చిద్రుప్ప మొదలగు పల్లెల ప్రక్కగా సాగి, ప్రజలు గరుడగంగయని కొలుచు మంజీరలో కలియు వాగది. వరిచేలు చెడినవి, బావులు చెడినవి, గొడ్లు నీరు ముట్టకపోయినవి. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టు కెక్కినది. రైతులకు నష్టపరిహారము ఇప్పింపబడినది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టరు అల్లాని కిషన్‌రావు దశాబ్దములపాటు రోగులను చూచుచునే ఆ వాగుపక్షమున వ్యాజ్యము నడపెను.

ఆ పిదప వ్యర్థజలమును ఒక్కచోట చేర్చి శుద్ధిచేయుటకు ఉమ్మడికేంద్రము వెలసినది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు, సుమారు 90 ఔషధ కర్మాగారముల మురుగు చేరు ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడు నీటిని పరీక్షించి ప్రకటించిన ఫలితము లోకమును నివ్వెరపరచినది. సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఆ నీటిలో నుండెను. మందు మ్రింగిన రోగి రక్తములో ఉండుదానికంటె అది హెచ్చు. ఒక్కదినమున ఆ కేంద్రమునుండి పోవు ఆ మందు 45 కిలోగ్రాములని, అది స్వీడన్ దేశమంతయు అయిదుదినములు వాడుదానికి సమానమని వారు గుణించిరి. ఇట్టి నీటిలో చావక మిగిలిన సూక్ష్మజీవులు మందునకు లొంగని శక్తి గడించును. ఇరానులో మధ్యయుగముల నాటినుండియు కంచు, ఇత్తడి గిన్నెలపై ఖురాను వాక్యములు, ప్రార్థనలు చెక్కి, ఆ గిన్నెలో పోసిన నీటిని రోగిచే త్రాగించు ఆచారము గలదు. అక్షరముల మహిమ నీటిలోనికి దిగి ఔషధమగునని వారి నమ్మిక. ఇచ్చట ఔషధమే నీటిలోనికి దిగి విషమైనది.

ఈ శుద్ధికేంద్రము ధర్మదృష్టితో ఏమగును? ఇది నిజముగ ప్రాయశ్చిత్తమా, క్షయార్షుడు విసరిన బంగారుపాత్రమా? మనువు నీటిలో మలమూత్రములను, ఉమ్మిని, నెత్తురును, విషములను విడువరాదని స్పష్టముగ నిషేధించెను. విషములను మాట ఆ పట్టికలో ప్రత్యేకముగ ఉన్నది. అదే స్మృతిలో ప్రాయశ్చిత్తమును గూర్చి చెప్పుచు, పాపముచేసి పరితపించినవాడు పాపమునుండి విడివడునేగాని, మరల ఇట్లు చేయనను నివృత్తి వలననే పవిత్రుడగునని నిర్ణయించెను. పరితాపమును, పవిత్రతను ఇట్లు వేరుచేసి చూచుట సూక్ష్మమైన విషయము. పరిహారధనము, తర్పణము, యంత్రశాల, ఇవన్నియు పరితాపమునకు సాక్ష్యములు కావచ్చును. పటాన్‌చెరు కేంద్రపు నీరు గొట్టపుమార్గమున అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రమునకు, అచ్చటినుండి మూసీకి తరలింపబడినపుడు, నక్కవాగున కొంత ఊరట కలిగియుండవచ్చును గాని, నివృత్తి మాత్రము కలుగలేదు. ఒకబావి జీవిని మఱియొక బావిలో విడువ వెరచిన జైనుని ఊరిలో, ఒకవాగు విషమును మఱియొకనదికి తరలించుటను శుద్ధి యనిరి. వ్యర్థజలమును ఆవరణ దాటనీయక ఆవిరిగా మార్చి, నీటిని మరల వాడుకొను పద్ధతిని కొన్ని కర్మాగారములు అవలంబించినవి. చివర మిగులు ఉప్పు దుండిగల్ చేరువ పూడ్చబడును గనుక అదియు సంపూర్ణ నివృత్తి కాదు. అయినను దాని ముఖము ఆ దిక్కునకే యున్నదని ఒప్పుకొనవలెను.

నా వాదమునకు బలమైన ఆక్షేపణ యొకటి గలదు. అది పారిశ్రామికుని నోటినుండి వచ్చునది కాదు. అతడు ఉద్యోగములు, ఎగుమతులు అని చెప్పు మాటలకు సమాధానము కష్టము కాదు, ఏలయన మందునకు వెల పెంచి వాగును కాపాడుట సాధ్యమే. నిజమైన ఆక్షేపణ అంటరానివాడని త్రోసివేయబడినవాని నోటినుండి రావలెను. శుద్ధి, అశుద్ధి, నీరు అను మూడుమాటలు ఈ దేశమున కలిసి వినబడినపుడెల్ల ఎవనినో ఒకని బావిగట్టునుండి తరిమివేసిరి. అంబేడ్కరు 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువునీరు దోసిట త్రాగవలసివచ్చెను. ఆతడు త్రాగిన పిదప సనాతనులు ఆ చెరువును కుండలతో గోమయాదులు పోసి శుద్ధిచేసిరి. ఆ యేటనే డిసెంబరు 25న అచ్చటనే మనుస్మృతి దగ్ధమైనది. ఆ స్మృతినుండి విషనిషేధమును ఏరుకొని చూపుటకు నాకేమి యధికారమని ఎవరైన అడిగినచో, అధికారము లేదనియే చెప్పుదును. అగ్నిలో పడవలసినది పడిన పిదప మిగిలినదానిని ఎవరైనను తీసికొనవచ్చునని మాత్రము మనవిచేయుదును.

ఆ చరిత్రలోని తప్పు ఎచ్చటనున్నదో విచారింపవలెను. మన పూర్వులు నీటికి శత్రువును వెదకిరి. మనుష్యుని చేయి దొరకినది. ఏ చేయి నీటిని మైలపరచునను విచారణలో వేలయేండ్లు గడపినవారికి, నీటిలో ఏమి పడుచున్నదను విచారణకు తీరిక దొరకలేదు. చేతిని శంకించు శౌచము ఇట్లు విషమును చూచు కన్నును పోగొట్టుకొన్నది. రసాయనశాలలోని గాజుగొట్టము కులమును ఎరుగదు. ముట్టినవాడెవ్వడో అది చెప్పజాలదు, కలిపినదేదో చెప్పును. పాత్రశుద్ధిని గూర్చి వెందీదాదు చేసిన బోధలో నాకు గ్రాహ్యమైన అంశము ఆ దిక్కుననే యున్నది. అచ్చటను శవమోయువారిని దూరముంచు విధులు ఉన్నవి, వానిని నేను సమర్థింపను. ఐనను నీరు ఎవరికి చెందునను ప్రశ్నకుముందు నీటికి మనమేమి చెందుదుమను ప్రశ్నను ఆ మతము నిలిపినది. బలము లోహరూపమున మనకు దక్కినది. బాయిలర్లు, రియాక్టర్లు, గొట్టములు, ట్యాంకర్లు అన్నియు లోహమే. అవి నీటిని కాచు పాత్రములు కావలసియుండగా నీటిని వాడి విడుచు యంత్రములైనవి.

శుద్ధి వస్తువునకు గుణము కాదనియు, కడుగు క్రియయు కాదనియు, మానుకొనుటయే దాని స్వరూపమనియు నాకు తోచుచున్నది. లూరిస్తాన్ పాత్రము శవస్పర్శవలన అశుద్ధమైనదని వెందీదాదు శాసించినను, ఎవనికిని హాని చేయని ఆ పాత్రమును అశుద్ధమనుటకు నాకు నోరు రాదు. నక్కవాగు ఆ మాటకు అసలే తగదు. వాగు చేసిన దోషమేదియు లేదు. అశుద్ధి యనునది మానుకొనుటకు శక్తియుండి మానుకొననివానిది.

కావున ఈ వాడలోని కర్మాగారముల యజమానులలో గుళ్ళు కట్టించినవారు, మసీదులకు చందాలిచ్చినవారు, మంజీర పుష్కరములలో అన్నదానములు చేసినవారు ఎందరో గలరు గనుక, వారికి ఒక్క విన్నపము. మీ కర్మాగారము విడుచు నీటిలో ఏయే పదార్థములు ఎంతెంత యున్నవో, నెలనెల పరీక్షించి, ఆ ఫలితమును సులభమైన తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించి, వాగు ప్రక్కనున్న ప్రతి పల్లె పంచాయతీ కార్యాలయము గోడకు అంటింపుడు. చట్టము కోరునా, లేదా యని చూడవలదు. ఆ కాగితము చదువుకొను హక్కు ఆ నీటితో బ్రదుకు రైతునకు, పశువులకాపరికి ముందుగ కలదు.